నేతిపై మోపిన నింద

కొండాపురము మొదలుకొని ఉదయగిరి దుర్గపు నీడవఱకు గల మెట్టపల్లెలలో తెల్లవాఱుజామున నేడు వినవచ్చునది కవ్వపు సవ్వడి కాదు. పాలకేంద్రము వాకిట డబ్బా డబ్బాను తాకు చప్పుడు. ఆడువారును, ముదుసళ్లును, బడికి సిద్ధము కావలసిన పిల్లలును వరుసగా నిలిచి, తమ పాలలో గరిటెడు ఒక చిన్న యంత్రమున పోయించి, అది చూపు అంకెకై కన్నులు విప్పి చూచుచుందురు. ఆ యంకెకు ఫ్యాటు అని పేరు. ఆఱున్నర వచ్చినచో ఆ పూటకు కలిమి. అయిదున్నరకు దిగినచో ఎనుముమీదను, మేతమీదను, అప్పుడప్పుడు కోడలిమీదను కోపము. అంకెనుబట్టి వెల చీటి కెక్కును, పాలు బండి యెక్కును. ఇంటికి మఱలునపుడు ఆ యిల్లాలు అంగడిలో పామాయిలు పొట్లము కొనును. పండుగ దగ్గఱపడినచో డాల్డా పొట్లము కూడ కొనును. వెన్నను అమ్మి వనస్పతిని కొనుట! ఈ బేరమునందలి వింత మా పల్లెలలో ఎవరికిని వింతగా తోచుట మానినది.

ఇప్పుడు ఈ బేరమునకు శాస్త్రము కూడ తోడు వచ్చినదని వినుచున్నాము. మేమెఱిగిన యొక గృహస్థు తన యేడేండ్ల మనుమరాలి విస్తరిలో నెయ్యి వడ్డించుట మాన్పించెను. ఆ పిల్ల యెముకలు లెక్కపెట్టదగినట్లున్నది. కారణ మడుగగా ఆయన, "నేతిలో ట్రాన్సుఫ్యాటు ఉండాదంట సామీ! గుండెకు చేటంట. పట్నంలో డాక్టరు చెప్పినాడు, ఫోనులో గూడా చూసినాము" అనెను. డాక్టరు చెప్పినది ఆయనకు. ఆయనకు అఱువదెనిమిదేండ్లు, గుండె నాళములు పూడుకొని చికిత్స పొందినవాడు. మానినది మనుమరాలు. ఆయన మాటలో సగము సత్యమున్నది. సగము సత్యము కావుననే దానిని ఖండించుటకు ఇన్ని పుటలు కావలసివచ్చినవి. పూర్తిగా అబద్ధమైనచో ఒక్క వాక్యముతో పోయెడిది.

కొవ్వు అను పేరొక్కటియే కాని పదార్థ మొక్కటి కాదు. పాలవెన్నలో నాలుగువందలకు పైగా కొవ్వు ఆమ్లములున్నవని రసాయనజ్ఞులు లెక్కించిరి. అందు పెక్కింటిది అణుమాత్రపు పాలు. పామిటిక్, ఓలియిక్, స్టియరిక్, మిరిస్టిక్ అను నాలుగే వెన్నలో పెద్దభాగము నాక్రమించుకొన్నవి. కొవ్వు ఆమ్లమనగా కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసున అక్కడక్కడ జంటముడు లుండవచ్చును. జంటముడి యున్నచోట గొలుసు మామూలుగా వంగును. వంగిన గొలుసులు ఒకదానినొకటి హత్తుకొనలేవు. కావుననే నూనె జాఱుచుండును. ఆ ముడి యెదురువైపునకు తిరిగినచో గొలుసు నిటారగును, కొవ్వు గట్టిపడును. ఇట్లు తిరిగిన ముడి గలవానికే ట్రాన్సు కొవ్వులని పేరు. నేతిలో ఇవి నూటికి రెండు మొదలు అయిదు పాళ్లవఱకు ఉండును. గృహస్థుని మాటలోని సత్యమింతే.

ఇవి నేతిలోని కెట్లు వచ్చినవో చూతము. ఎనుము మేసిన గడ్డిలో కొవ్వు స్వల్పమైనను లేకపోలేదు. అది పెద్దపొట్టలో చేరి, అచట కోటానుకోట్లుగా వసించు సూక్ష్మజీవుల వాతబడును. గడ్డిలోని జంటముడుల కొవ్వులు ఆ జీవులకు విషప్రాయములు. తమ్ము తాము కాపాడుకొనుటకు అవి ఆ ముడులను ఒకటొకటిగా విప్పి, గొలుసును నింపివేయును. పని సగములో నుండగానే కొంత కొవ్వు వాని చేతినుండి జాఱి, ప్రేగులకును, నెత్తురునకును, పొదుగునకును చేరును. అట్లు జాఱినదే వాక్సినిక్ ఆమ్లము. 1928లో దీనిని జంతువుల కొవ్వునందును వెన్నయందును కనుగొన్నవారు, లాటిను భాషలో ఆవునకు గల పేరునుబట్టి దీనికి నామకరణము చేసిరి. పొదుగులోనికి వచ్చిన పిమ్మట ఇందు కొంతభాగము రూమెనిక్ ఆమ్లముగా మాఱును. మనుష్యుడు తిన్నను ఈ మార్పు జరుగును. వాక్సినిక్ ఆమ్లములో రమారమి అయిదవపాలు మన దేహమునందే రూమెనిక్ ఆమ్లమగునని 2002లో ఫిన్లండులో చేసిన పరీక్షవలన తెలియవచ్చినది. ఆవుకు, ఎనుముకు, మేకకు, నెల్లూరు పేరు పెట్టుకొన్న గొఱ్ఱెకు, నెమరువేయు ప్రతి పశువునకును ఇది పుట్టుకతో వచ్చిన గుణము. పచ్చని మేత దొరకిన దినములలో ఈ రెండు ఆమ్లములును పాలలో హెచ్చును. ఎండుచొప్పతోను వరిగడ్డితోను కాలము గడపునపుడు తగ్గును. మా మెట్టప్రాంతపు వేసవి పాలలో ఇవి యెంత మిగులునో చదువరులు ఊహింపగలరు.

ఇక రెండవదాని పుట్టుక వేఱు. 1902లో నార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నూనెలోనికి నికెలు పొడి సాయమున ఉదజని వాయువు నెక్కించి గట్టిపఱచు విధమునకు హక్కుపత్రము పొందెను. మొదట హాలెండునుండి మన దేశమునకు ఓడలలో దిగిన ఈ సరకు, 1937లో డాల్డా అను పేర ఇచ్చటనే తయారగుట కారంభించెను. గింజలు కట్టునట్లు చేసిరి, నేతి డబ్బాను పోలిన డబ్బాలో పోసిరి. నేతిబీరకాయలో నేయి యెంతయో ఇందును అంతే. ఇట్లు సగము గట్టిపఱచిన నూనెలో ముడులు తొమ్మిదవ చోట, పదవ చోట, పదునొకండవ చోట, ఇంక నెన్నియో చోట్ల చెదరి తిరిగియుండును. అందు ప్రసిద్ధమైనది తొమ్మిదవచోటి ఎలాయిడిక్ ఆమ్లము. నేతిలోనో, ప్రధానముగా పదునొకండవచోటనే. ఎక్కువ తక్కువల సంగతి యేమనగా, నేతిలో అయిదు పాళ్లు దాటనిది పాతకాలపు వనస్పతిలో ముప్పది, నలువది పాళ్లకును పోవుచుండెడిది.

గాంధిమహాత్ముడు 1946లో తన హరిజన పత్రికయందు వనస్పతి నెయ్యి వేషము వేయుటను నిరసించెను. నాటివారికి ట్రాన్సు కొవ్వుల సంగతి తెలియదు. వారి అభ్యంతరము మోసమునుగూర్చియు, పాడి పాడగుటనుగూర్చియు. వనస్పతిలో నూటికి అయిదు పాళ్లకు తగ్గకుండ నువ్వులనూనె కలుపవలయునని చట్టము విధించుట యీ మోసమును పట్టుకొనుటకే. నువ్వులనూనె యున్న కొవ్వును గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లముతోను చిటికెడు చక్కెరతోను కలిపి కదిపినచో ఆమ్లము ఎఱ్ఱబాఱును. నేతిలో ఆ యెఱుపు కనబడినచో దొంగ దొరకినట్లే. నువ్వుగింజను కావలివానిగా నిలిపిన ఈ యుక్తి మాకెంతో నచ్చినది. 2024లో తిరుమల లడ్డూ నేతినిగూర్చి కలకలము రేగినపుడు జనులు మొట్టమొదటిసారిగా కొవ్వు ఆమ్లముల నిష్పత్తులను గూర్చి వీథులలో మాటలాడుకొనిరి. ఆ వివాదముయొక్క తీర్పు మా పని కాదు. కాని నెయ్యి నేతియే యని నిరూపింపబడునది దానిలోని కొవ్వు ఆమ్లముల పొందికవలననే యన్న మాట అప్పుడు పెక్కురికి తెలిసినది. ఆ లాభము చిన్నది కాదు.

వనస్పతివలని కీడు తేటపడినది 1990లో. నెదర్లాండ్సు దేశమున మెన్సింక్, కాటన్ అను నిద్దఱు ఆరోగ్యవంతులగు స్త్రీపురుషులకు ఎలాయిడిక్ ఆమ్లము నెక్కువగా గల భోజనము పెట్టి చూడగా, రక్తమున చెడ్డ కొలెస్టరాలు పెరిగినది, మంచిది తగ్గినది. మామూలు సంతృప్తపు కొవ్వు మొదటి చెఱుపు మాత్రమే చేయును. ఇది రెండును చేసెను. పిమ్మట అమెరికాలో వేలకొలది దాదులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూచినవారు 1993లో గుండెజబ్బునకును ఈ కొవ్వునకును గల సంబంధమును ప్రకటించిరి. 2003లో డెన్మార్కు ప్రభుత్వము ఆహారపు కొవ్వులో కర్మాగారపు ట్రాన్సు పాలు నూటికి రెండు మించరాదని శాసించినది. ఆ శాసనమునందే జంతువుల కొవ్వులలో సహజముగా నున్నదానిని లెక్కనుండి తొలగించినది. ఈ తొలగింపు లేకున్న, కేవలము అంకెను చూచి తీర్పు చెప్పు పక్షమున, నూటికి నాలుగు పాళ్లు గల శుద్ధమైన నెయ్యి దోషియు, పామాయిలుతో గట్టిపఱచి రెండులోపల నిలిపిన కృత్రిమపు కొవ్వు నిర్దోషియు అయియుండెడివి! మన దేశమునందు 2009లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు పరీక్షించిన వనస్పతులలో డెన్మార్కు హద్దునకు అయిదు మొదలు పండ్రెండు రెట్లవఱకు ట్రాన్సు కనబడినది. మన ప్రభుత్వము మేలుకొనుట ఆలస్యమైనను మేలుకొన్నది: 2021 జనవరినుండి నూటికి మూడు, 2022 జనవరినుండి నూటికి రెండు అని హద్దు పెట్టినది. మన హద్దును కర్మాగారపుదానికే.

ఇంత స్పష్టముగా చట్టములు చేసిన భేదమును ఉపదేశములు చేయువారు ఏల చేయరు? "ట్రాన్సు చెడ్డది, నేతిలో ట్రాన్సున్నది, కావున నెయ్యి చెడ్డది" అను తర్కము, పాము కఱచును, పొట్లకాయ పామువలె నున్నది, కావున పొట్లకాయ కఱచును అనుటకంటె మెఱుగైనది కాదు.

మా మాటకు ఎదురుమాట యున్నది. దానిని దాచుట మాకు తగదు. 2015లో అమెరికాలో శుద్ధమైన వాక్సినిక్ ఆమ్లమును, దినమున తిను ఆహారపు శక్తిలో నూటికి మూడు పాళ్లు వచ్చునట్లు పెట్టి చూడగా, అదియు చెడ్డ కొలెస్టరాలును పెంచినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో సహజమైనదానిని, కర్మాగారపుదానిని కలిపియే శక్తిలో నూటికొక పాలు మించరాదనినది. మంచిది. లెక్క వేయుదము. 2000 కెలోరీలు తిను మనుష్యునకు మూడు పాళ్లనగా దాదాపు ఏడు గ్రాముల వాక్సినిక్ ఆమ్లము. నేతిలో అది నూటికి మూడనుకొన్నను, అంతయు నేతినుండియే రావలెనన్న దినమునకు ఇన్నూఱు గ్రాములకు మించి నెయ్యి త్రాగవలయును. అంత త్రాగువానికి వాక్సినిక్ ఆమ్లము హాని చేయుటకు తీరిక దొరకదు. తక్కిన కొవ్వులే ఆ పని ముగించును. ఆరోగ్యసంస్థవారి హద్దు ఆ మనుష్యునకే రెండు గ్రాములపైచిలుకు. అయిదు గ్రాముల చెంచా నేతిలో నున్న ట్రాన్సు ఎంత? నూటికి నాలుగు చొప్పున గ్రాములో అయిదవవంతు. ఆ పసిదాని విస్తరిలో పడుచుండినది ఈ చెంచాయే.

నేతివలన కీడే లేదని మే మనుచున్నామని యెవరును తలపకుందురుగాక. నేతిలో నూటికి అఱువదికి పైగా సంతృప్తపు కొవ్వు. అందు పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లములు చెడ్డ కొలెస్టరాలును పెంచుననుటలో సందేహము లేదు. ఆ గృహస్థునకు డాక్టరు చెప్పినది సరియే. కాని చెప్పదగిన కారణము సంతృప్తపు కొవ్వు, చెప్పినది ట్రాన్సు. తప్పు కారణముతో చెప్పిన మంచి మాట ఇంటింటికి పోయి చెడ్డ మాటయైనది. ఆయన నెయ్యి మానినాడు, సాయంకాలపు బజ్జీ మానలేదు. కాగి కాగి నల్లబడిన ఆ నూనె నెవరును ఆయనకు ట్రాన్సని చెప్పలేదు కదా!

రెండవ పక్షమువారు వీరికంటె ఘనులు. నగరములలో గాజుసీసాలలో నెయ్యి నమ్మువారు దానిని సర్వరోగ నివారిణిగా చాటుచున్నారు. వీరికి దొరకిన ఆయుధములు రెండు. మొదటిది రూమెనిక్ ఆమ్లము. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పరీజా అను పండితుడు కాల్చిన గొడ్డుమాంసమున పుండ్లను పుట్టించు పదార్థములకై వెదకుచు, వానిని అడ్డగించు పదార్థమును కనుగొనెను. 1987లో ఎలుకలయందు అది చర్మపు కంతులను తగ్గించినట్లు ప్రకటించెను. అదియే ఈ కుటుంబపు ఆమ్లము. ఎలుకలయందు జరిగినది మనుష్యులయందు జరుగునని నేటికిని నిరూపింపబడలేదు. అయినను కుసుమనూనెనుండి దీని జ్ఞాతిని తయారుచేసి మాత్రలుగా నమ్మిరి. ఆ జ్ఞాతి పేరు ఒకటే, ముడుల చోట్లు వేఱు. 2002లో స్వీడనులో స్థూలకాయులగు పురుషులకు దాని నిచ్చి చూడగా ఇన్సులిను పనిచేయుట మందగించెను. చూచితిరా! పేరొకటియైనంత మాత్రమున గుణమొకటియని నమ్ముట అక్కడ నేతిని దోషిని చేసినది, ఇక్కడ మాత్రను మందు చేసినది.

రెండవ ఆయుధము బ్యూటిరిక్ ఆమ్లము. నేతి కమ్మదనమునకు మూలమైనవానిలో నిదియొకటి. ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రూల్ ఇన్నూఱేండ్లకు పూర్వమే దీనిని వెన్ననుండి వేఱుచేసెను. పెద్దప్రేగు గోడలకు ఇది యాహారమనుట నిజము. కాని తిన్న నేతిలోని బ్యూటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు చేరకమున్నే జీర్ణమైపోవును. పెద్దప్రేగునకు కావలసినది అచ్చటనే, సజ్జసంకటిలోను, కందిపప్పులోను, ఆకుకూరలలోను గల పీచు పులియుటవలన పుట్టును. సజ్జలు పండు నేలమీద నిలిచి, సజ్జలు మాని, సీసా నేతితో ప్రేగును బాగుచేసికొందుమనుట హాస్యాస్పదము.

మఱియొక విషయము మాకు ముఖ్యముగా తోచుచున్నది. దీనినిగూర్చి వ్రాయువారు తక్కువ. పాలలోని కొవ్వు చిన్నచిన్న బిందువులుగా నుండును. ప్రతి బిందువునకును ఒక పలుచని పొర. చిలుకునపుడు ఆ పొర చిరిగి మజ్జిగలోనికి పోవును, కొవ్వు వెన్నగా తేలును. 2015లో స్వీడనులో ఉప్సాలావారు రెండు గుంపులకు దినమునకు 40 గ్రాముల పాలకొవ్వు నెనిమిది వారములు పెట్టిరి. ఒకరికి పొర చెడని మీగడగా, ఒకరికి పొరలేని నేతివంటి కొవ్వుగా. నేతివంటిది తిన్నవారికి చెడ్డ కొలెస్టరాలు పెరిగెను. మీగడ తిన్నవారికి పెరుగలేదు. కావున పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి అన్నియు ఒకటే కొవ్వని చెప్పుటయు పొరపాటే. మా అవ్వలు వెన్న తీసి నేయి కాచి, చిక్కని మజ్జిగ ఇంటివారికి పోయుచుండిరి. పొర ఇంటనే మిగిలెడిది. నేడు పాలతో పాటు పొరయు బండి యెక్కుచున్నది.

ఇక పాలకొవ్వుతో పోవు మఱియొక వస్తువు ఎ విటమిను. దానిని 1913లో మెకాలం మొదలగువారు వెన్నయందే మొదట గుర్తించిరి. ఎనుము మేతలోని పసుపువన్నె పదార్థమును సంపూర్ణముగా ఎ విటమినుగా మార్చివేయును. కావుననే ఎనుపనెయ్యి తెల్లగా నుండును. మన దేశమున చిన్నపిల్లలకు ఆ విటమినును మందుగా పోయు ఏర్పాటు 1970లో ఆరంభమైనది. దానికి మూలము హైదరాబాదు పోషకాహార పరిశోధకుల కృషియే. రేచీకటినుండి పిల్లలను కాపాడిన ఆ మందును మేము తక్కువ చేయము. కాని పాలున్న యింట పిల్లకు పాలు లేక, మందుగా రావలసివచ్చుట యెట్టి యేర్పాటు?

ఇప్పుడు మొదటి బేరమునకు మఱల వత్తము. పాలకు కొవ్వునుబట్టి వెల కట్టుట చెడ్డదని మే మనము. నీళ్లు కలుపువాని నది అణచినది. చిక్కనిపాలు పోయు పేదకు న్యాయము చేసినది. కాని ఆ యంత్రమునకు ఒక గ్రాము కొవ్వును ఇంకొక గ్రాము కొవ్వును ఒక్కటియే. పచ్చగడ్డి మేసిన యెనుపవెన్నకును, ఎండుగడ్డియు చెక్కయు మేసినదాని వెన్నకును ఒకే వెల. కావున పచ్చమేత పెంచువానికి లాభము లేదు. చెఱువు పొరంబోకులలో మేతబీళ్లు పోయినను అడుగువారు లేరు. అంతకంటె పెద్ద కీడు, ఇంటి కొవ్వు నాణెముగా మాఱుట. నాణెమును పిల్లలచేత తినిపింతురా?

ఒక లెక్క చెప్పెదము. నాలుగు లీటర్ల పాలిచ్చు ఎనుము, ఆఱున్నర అంకె చొప్పున, దినమునకు 260 గ్రాములపైచిలుకు కొవ్వునిచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో దినమునకు 300 మిల్లీలీటర్ల పాలుగాని పెరుగుగాని తీసికొనవలెనని యున్నది. ఇద్దఱు పిల్లలున్న యింట దానికి 600 మిల్లీలీటర్లు చాలును. అనగా ఏడింట ఒక పాలు. తక్కిన ఆఱు పాళ్లను సుఖముగా అమ్ముకొనవచ్చును. ముదుసలికి నెయ్యి తగ్గించి వెన్న తీసిన మజ్జిగ పోయవచ్చును. పండుగకు డాల్డా కొనక, వారమునకొక దినపు వెన్న దాచుకొన్న చాలును.

ఈ లెక్కను మేము ఆ గృహస్థునకే చెప్పితిమి. ఆయన తల యూపి, కొంతసేపు ఊరకుండి, "ఆ ఏడో పాలు మాది కాదు సామీ" అనెను. ఎనుమును కొన్న అప్పు వాయిదా పాలచీటినుండియే పట్టుకొందురట. ఆ యేడవ పాలు తగ్గినచో నెలాఖరున వాయిదాకు చాలదట. ఈ మాటకు రసాయనశాస్త్రమున జవాబు లేదు. వాయిదాను నిర్ణయించినవారు ఎనుము పాలెన్ని యిచ్చునో లెక్కించిరి, మేత ఖర్చెంతయో లెక్కించిరి, దూడకు విడువవలసినదెంతయో కూడ లెక్కించిరి. ఆయన తెచ్చి చూపిన కాగితములో దూడకు ఒక గడి యున్నది. మనుమరాలికి గడి లేదు.